మరాఠీ పెళ్ళికొడుకు గుండు

మా చిన్నప్పుడు... తిరుచానూరులో నేనూ మా క్లాసు భార్గవీ వాళ్ళింటి పక్క లాడ్జి మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయే యాత్రికుల బట్టలు చూస్తుండేవాళ్ళం. ఊరికే కాదు... నాటకం కోసం.

ఆరో తరగతిలో మా టీచరు స్కూలు వార్షికోత్సవానికి మరాఠీ పెళ్ళి నాటకం వేయించింది. నేను పెళ్ళికొడుకుని, భార్గవి పెళ్ళికూతురు. వేషాల పెత్తనం కూడా తనదే. "వాళ్ళు ఎట్ల కట్టుకుంటారో సూసి రాండి" అంది టీచరు. దానికి మహారాష్ట్ర దాకా పోవాలా... రోజూ బస్సులెక్కి అదే మా వీధికి వచ్చేది.

లాడ్జిలో దిగిన ఒక మరాఠీ ముసలమ్మ, భాష రాకపోయినా, మా సైగలతోనే సంగతి కనిపెట్టింది. భార్గవిని నిలబెట్టి, గోచీ పోసి చీర కట్టడం నేర్పింది. మేం ఎంతసేపు పట్టి పట్టి చూసినా విసుక్కోలేదు మహాతల్లి.

అంతా బాగానే ఉంది... భార్గవి కళ్ళు మగవాళ్ళ తలల మీద పడేదాకా.

"అందురికీ గుండే ఉండాది సూడు. నువ్వూ కొట్టించుకోవాల్సిందే" అంది.

నా ప్రాణమంతా జుట్టులోనే ఉండేది. పక్క పాపిడి తీసుకుని పెళ్ళికొడుకులా మెరిసిపోవాలని అద్దం ముందు ఎన్ని తిప్పలు పడ్డానో... కొండ మీద తలనీలాలిస్తారని మాకు తెలియక కాదు. కానీ జుట్టున్న మరాఠీ మగమనిషిని మేం చూసి ఉంటే కదా...

ఇంట్లో మొర పెట్టుకుంటే మా అవ్వ మొహం వెలిగిపోయింది. "నీకు జొరమొచ్చినప్పటి మొక్కు అట్లనే ఉండాదిరా. ఏసమూ అయిపోతాది, మొక్కూ తీరిపోతాది" అని నాటకానికి ముందురోజే కొండకు లాక్కుపోయింది.

నాటకం రోజు నన్ను చూసి టీచరు తల పట్టుకుంది. "పెండ్లికొడుక్కి గుండని ఎవురు చెప్పినార్రా?"

"మేమే సూసినాం టీచర్..." అన్నాను ఏడుపు మొహంతో.

"వాళ్ళు కొండ దిగొచ్చినోళ్ళురా. పెండ్లికి పొయ్యేటోళ్ళు కాదు" అని, తన ఎర్ర శాలువా తీసి నా తలకు పాగా చుట్టింది. అద్దంలో చూసుకుంటే నిజంగానే పెళ్ళికొడుకులా ఉన్నాను. ప్రాణం లేచొచ్చింది.

చందనం పూసిన గుండు మీద పాగా ఎంతసేపు నిలుస్తుంది... భార్గవి దండ వేయగానే జారి కింద పడింది. లైట్ల వెలుగులో నా గుండు తళతళలాడింది. ముందు వరుసలో ఉన్న అవ్వ అలవాటు కొద్దీ చేతులు జోడించి "గోవిందా" అంది. అంతే... జనమంతా గోవిందా గోవిందా అంటూ అందుకున్నారు. భార్గవి నవ్వలేక స్టేజీ మీదే కూలబడింది. నేను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను.

మొన్న మా అబ్బాయి స్కూల్లో పంజాబీ వేషం అన్నారు. ఫోన్లో నొక్కితే సాయంత్రానికల్లా డ్రెస్సు ఇంటికొచ్చింది. కొలత సరిపోయింది, ఒక్క తప్పూ లేదు... ఆ బట్టలు కట్టుకునే మనిషిని మాత్రం వాడు ఒక్కరినీ చూడలేదు. ఎందుకో నాకు దిగులేసింది.

మీరు ఎవరిని చూసి ఏ వేషం కట్టారు... ఎంత తప్పుగా కట్టారో కూడా దాచకుండా చెప్పండి.