మూడు మెట్లు కిందికి

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ముఖ్యంగా నవనీత చేతికి మైకిచ్చి, "ఒక మంచి హుషారు పాట పాడమ్మా" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏం పాడాలో ఆమెకు చెప్పడానికి వీళ్లెవరు? ఇన్ని మాటలు అనే నేనే ఒకసారి ఆమెకు తెలియకుండా ఆమె గొంతు మీద పెత్తనం చేశాను. దాని గురించి చెప్పాలంటే ముందు ఆమె గురించి చెప్పాలి.

నవనీతది బీర్పూర్. తండ్రి సాయిలు కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. తల్లి సమ్మవ్వ నాట్ల కాలంలో నాట్లకు పోయేది, మిగతా రోజుల్లో బీడీలు చుట్టేది. నాట్లు వేసేటప్పుడు ఒక మనిషి పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ఎత్తుకునే మనిషి గొంతు మడికి ఆ కొసన వంగి ఉన్నవాళ్లకు కూడా వినబడాలి. ఆ ఊళ్లో ఎత్తుకునేది సమ్మవ్వే. ఒక ఏడు ఆమెకు జ్వరమొస్తే తొమ్మిదేళ్ల నవనీత ఎత్తుకుంది. ఇరవై మంది పెద్దాడవాళ్లు నడుములు లేపి చూశారట. ఈ సంగతి సమ్మవ్వ నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది. చెప్పినప్పుడల్లా నన్ను "దొరా" అంటుంది. "దొరా అనకు సమ్మవ్వా" అంటే "సరే దొరా" అంటుంది. ఏం చేస్తాం.

పదో తరగతి అయ్యాక నవనీత కూడా బీడీల చాట ముందేసుకుని కూర్చుంది. పెళ్లయి ఇబ్రహీంపట్నం వచ్చింది. భర్త మస్కట్‌లో ఉంటాడు. ఏడేళ్ల కిందట కోరుట్లలో ఒక పెళ్లింట్లో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఆమె పాడుతుంటే విన్నాను. అప్పటికి నేను మా అన్న ఎరువుల దుకాణంలో కూర్చుంటూ, సాయంత్రాలు పైగదిలో కీబోర్డు వాయించుకునేవాణ్ణి. మా వంశంలో వాయించేవాళ్లను ఇంటికి పిలిపించుకోవడమే తప్ప వాయించినవాడు లేడు. ఆ పాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడే ఇబ్రహీంపట్నం వెళ్లి వాళ్ల అత్తగారితో మాట్లాడాను.

అట్లా మొదలైంది మా "ఈతవనం" బ్యాండు. మేం నలుగురం. పాట నవనీతది, కీబోర్డు నాది. డప్పు రాజమౌళి కాక, యాభై దాటిన మనిషి. గిటారు శ్రీధర్, జగిత్యాలలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మాకు కంపెనీ లేదు, మేనేజరు లేడు. ఒక పాత వ్యాను ఉంది. హైదరాబాద్ కెఫేలు, వరంగల్ కాలేజీలు, భివండిలో మనవాళ్ల సంఘాలు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి పోయేవాళ్లం.

మా పద్ధతి వేరే బ్యాండులు వింటే నవ్వుతాయి. ఎక్కడైనా గాయనికి వాద్యం శృతి ఇస్తుంది. మా దగ్గర నవనీతే ఎత్తుకుంటుంది. ఆమె మొదటి చరణం ఒంటిగా పాడుతుంది, ఆ తర్వాతే మేం అందుకుంటాం. ఆమెకు స్వరాల పేర్లు తెలియవు. అయినా ఏ ఊళ్లో ఎత్తుకున్నా ఐదున్నర శృతిలోనే, అంటే బాగా పైనుంచే, ఎత్తుకుంటుంది. ఏడేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

పోయిన చలికాలంలో సిరిసిల్లలో మా ప్రోగ్రాం ఖాయమైంది. మన జిల్లాల్లో మా పాటకు టికెట్ పెట్టడం అదే మొదటిసారి. పెళ్లిళ్లలో, సభల్లో అందరూ ఉత్తగా విన్నవాళ్లే. "మన దగ్గర పాటకు టికెట్ ఎవలు కొంటరన్నా" అని శ్రీధర్ ఒకటే గునిసాడు. మగ్గాల మీద పనిచేసేవాళ్లు కొన్నారు, బీడీలు చుట్టే ఆడవాళ్లు గుంపులుగా వచ్చి కొన్నారు. వారం ముందే టికెట్లు అయిపోయాయి. నవనీత సంబరం చెప్పలేను.

సరిగ్గా అప్పుడే ఆమె గొంతు బొంగురుపోయింది. ప్రోగ్రాంకు నాలుగు రోజులుందనగా జగిత్యాలలో డాక్టరమ్మకు చూపించాం. ఆవిడ గొంతులోకి కెమెరా దించి చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"స్వరతంతువు మీద చిన్న కాయ లేచిందమ్మా. ఆరు వారాలు మాట కూడా మాట్లాడొద్దు. ఇప్పుడు గొంతు మీద బలం పెడితే లోపల రక్తం చిమ్ముతది. చిమ్మితే నీ గొంతు మల్ల ఇట్లనే వస్తదని నేను చెప్పలేను."

మెట్లు దిగుతూ "క్యాన్సిల్ చేద్దాం నవనీతా" అన్నాను.

ఆమె ఆగింది. "ఆరు వారాలు గాదు, పన్నెండు వారాలైన నోరు మూసుకుంట. గని సిరిసిల్ల అయినంక."

"డాక్టరమ్మ ఏం చెప్పిందో విన్నవా?"

"ఇన్న. అన్నా, గాళ్లు టికెట్ గొన్నరు. బీడీలు సుట్టెటోళ్లు పాట కోసం పైసలు వెట్టిండ్రు. ఇప్పుడు నేను రానంటె మల్ల ఎవలు గొంటరు? మనల్ని మల్ల పెండ్లిళ్లకే పిలుస్తరు." అంతే. ఆ తర్వాత నాలుగు రోజులు నోరు తెరవలేదు. ఏం చెప్పాలన్నా ఫోన్లో టైపు చేసి చూపించేది.

నాకు భయం పట్టుకుంది. ఆ గొంతు పోతే ఆమెకు మిగిలేది బీడీల చాటే. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అని ఒక మీట ఉంటుంది. నొక్కినకొద్దీ వాద్యం మొత్తం ఒక్కో మెట్టు కిందికి గానీ పైకి గానీ జరుగుతుంది. ఆమెను ఒంటిగా ఎత్తుకోనివ్వకుండా, ముందే నేను నాలుగు శృతిలో పొడుగాటి నాదం పెడితే, ఆమె చెవి దానికి లొంగుతుంది. అరకు ఒక మెట్టు చొప్పున ఐదున్నర నుంచి నాలుగుకు మూడు మెట్లు. పై స్వరాలకు పోయే పని తప్పుతుంది, గొంతు బతుకుతుంది. ఇదీ నా లెక్క.

కోరుట్లలో మా పైగదిలో శ్రీధర్‌కు, రాజమౌళి కాకకు చెప్పాను. శ్రీధర్ గిటారు మెడకు బిగించే క్లిప్పును నాలుగో గడి నుంచి ఒకటో గడికి జరిపి, "అయితది" అన్నాడు. రాజమౌళి కాక డప్పు పక్కన పెట్టాడు.

"ఆమెనడిగినవా?"

"అడిగితే ఒప్పుకోదు కాకా."

"ఒప్పుకోకుంటె ఊకో. గంతేగని ఆమె గొంతు మనం దింపుడేంది?"

"ఆమె మంచికే గదా."

"మంచికేనని మీ తాత గూడ అనేటోడు" అన్నాడు కాక. ముఖంలో నవ్వు లేదు.

నాకు చర్రున లేచింది. నన్ను తీసుకెళ్లి, ఊరి మీద దొరతనం చేసిన మా తాతతో కలుపుతాడా? ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం వెళ్లేటప్పుడు జాగ్రత్త చెప్తున్నట్టు "పైలం" అని ఒక్కమాట అనేసి పోయాడు.

సిరిసిల్లకు వ్యానులో వెళ్లేటప్పుడు ఫోన్లో తంబూరా నాదం పెట్టాను, నాలుగు శృతిలో. "మనసు నిమ్మళంగుంటది" అని అబద్ధం చెప్పాను. నవనీత మెడకు మఫ్లరు చుట్టుకుని ముందు సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంది. కథలాపూర్ దాటింది, వేములవాడ దాటింది. ఆమె కళ్లు తెరవలేదు.

సాయంత్రం ఆరింటికి హాలు నిండింది. ముందు వరుసలన్నీ ఆడవాళ్లే. కొందరు పిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. నవనీత మైకు ముందు నిలబడి పాట ఎత్తుకోబోతుంటే నేను గబుక్కున నాదం పెట్టేశాను. ఆమె ఒక్క క్షణం ఆగింది. వెనక్కి చూడలేదు. నా నాదంలోనే ఎత్తుకుంది.

"ముంగట్ల మడి నిండె, ఓ వదినె..."

నాలుగు శృతి. నా ఉపాయం పారింది. గుండె మీద బరువు దిగినట్టయింది. కానీ ఆ సంతోషం చరణం చివరిదాకా కూడా ఉండలేదు. "ఓ వదినె" అని జనం అందుకోవాల్సిన చోట హాలు చప్పుడు చేయలేదు. ఇద్దరు ముగ్గురు మొదలుపెట్టి ఆపేశారు. ఆ ఆడవాళ్లకు ఆ పాట తెలుసు, మడిలో పాడినవాళ్లే వాళ్లు. కానీ అంత కిందనుంచి పాడితే వాళ్ల గొంతులకు అందదు. ఆ మాట నాకు తట్టనే లేదు. నేను ఆమె ఒక్కదాని గొంతే లెక్కేసుకున్నాను.

జనం అందుకోకపోయేసరికి నవనీత ఇంకా గట్టిగా పాడింది. కింది స్వరాలు ఆమెవి కావు, అవి హాలు చివరిదాకా పోవు. పోవాలని ఆమె నెడుతోంది. మెడ నరాలు ఉబ్బడం నాకు పక్కనుంచి కనబడుతోంది. ఏ బలం పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పిందో, ఆ బలం నేనే పెట్టిస్తున్నాను. రెండో పాట కూడా అట్లాగే సాగింది. చరణం మధ్యలో ఆమె ఎడమ చెయ్యి గొంతు మీదికి పోయింది. ఇప్పుడు పైకెత్తితే పై స్వరాలు, ఎత్తకపోతే ఈ నెట్టుడు. ఏది ఆమెను చంపుతుందో నాకు తెలియదు. ఆమెను అడగాలంటే అడిగే సమయం ఎప్పుడో దాటిపోయింది.

పాట ముగిసింది. చప్పట్లు మర్యాదకు మోగాయి. నవనీత మైకు స్టాండుకు పెట్టి, నడుచుకుంటూ నా కీబోర్డు దగ్గరికి వచ్చింది. ఏడేళ్లలో ఎన్నడూ ఆ కీబోర్డు ముట్టనిది, పక్కనుంచి చూసి నేర్చుకున్నదేమో, చూపుడు వేలితో ట్రాన్స్‌పోజ్ మీట నొక్కింది. ఒకటి, రెండు, మూడు. పైకి.

"నా గొంతు మీద నీ పెత్తనమేందన్నా" అంది. మెల్లగా, నాకు ఒక్కడికే వినబడేటట్టు.

శ్రీధర్ తల వంచుకుని గిటారు క్లిప్పు మళ్లీ నాలుగో గడికి బిగించాడు. రాజమౌళి కాక నన్ను చూడలేదు, అది ఆయన మంచితనం. నవనీత మైకు దగ్గరికి పోయి, ఎవరి నాదం కోసమూ చూడకుండా ఎత్తుకుంది. ఐదున్నర. రెండో మాటకే ముందు వరుసలు అందుకున్నాయి, ఆ వెంట వెనక వరుసలు. పై స్వరం వచ్చిన చోటల్లా ఆమె తగ్గి వాళ్లకు వదిలేసింది, వాళ్లు పాడుతుంటే ఊపిరి తీసుకుంది. మడిలో ఎత్తుకునే మనిషి చేసే పనే అది. పన్నెండు పాటలు అట్లా పాడింది. ఒక్కోచోట మాత్రం వదిలేయకుండా తానే పైకి పోయింది. పోయిన ప్రతిసారీ నా చూపు ఆమె మెడ మీదికే పోయింది.

ఆ మరుసటి రోజు నుంచి ఆరు వారాలు ఇబ్రహీంపట్నంలో మౌనంగా ఉంది. నేను క్షమించమని వాట్సాప్‌లో పెద్ద ఉత్తరమే రాశాను. రెండు రోజులకు జవాబు వచ్చింది.

"వ్యాన్లనే ఎరుకైంది."

"మరి ఎందుకు ఊకున్నవ్?"

"నువ్వు చెప్తవేమోనని సూసిన."

ఫోను బల్ల మీద బోర్లించాను. నిజం చెప్పొద్దూ, ఏడ్చాను కూడా.

ఆరు వారాల తర్వాత జగిత్యాల డాక్టరమ్మ మళ్లీ చూసింది. కాయ కరిగింది గానీ దాని జాగాలో మచ్చ మిగిలిందంది. కింది శృతిలో నెట్టిన రెండు పాటల వల్లనా, పైకి పాడిన పన్నెండు పాటల వల్లనా అని అడిగాను. "ఏదైనా కావచ్చు, చెప్పలేం" అంది. నవనీత నా వైపు చూడకుండా సంచి భుజానికి తగిలించుకుంది.

అక్కడినుంచి నేరుగా కోరుట్ల పైగదికి వెళ్లాం. సమ్మవ్వ కూడా వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. కీబోర్డు ఐదున్నరలో పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఈసారి నేను ముందు ముట్టేది లేదు. నవనీత గొంతు సవరించుకుని ఎత్తుకుంది. మొదటి మాటకు గొంతు చీలింది. రెండోసారి ఎత్తుకుంది, మళ్లీ చీలింది. మూడోసారి ఆపి, కాసేపు కిటికీలోంచి చూసి, ఎక్కడో కింద నుంచి మెల్లగా మొదలుపెట్టింది. గొంతు నిలబడింది. చరణమంతా చీలిక లేకుండా పాడింది.

అది నాలుగు శృతి. వేలు పెట్టి చూసుకోకుండానే నాకు తెలిసిపోయింది. సమ్మవ్వకూ తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కీబోర్డును ముట్టకుండా అట్లాగే కూర్చున్నాను. నాకు చెయ్యి రాలేదు.

నవనీత నా వైపు తిరిగింది.

"దింపన్నా" అంది. "గిప్పుడు నేను చెప్తున్న గద. దింపు."

మీట మూడుసార్లు నొక్కాను.