బుగ్గ గీకి వెతికిన నేరం

శ్రీకాకుళంలో ఒక కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరుగా చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. అరవయ్యో దశకం చివరి రోజులవి. మా ల్యాబులో ఒక అటెండరు ఉండేవాడు. నలభై ఏళ్ల మనిషి, ఆరడుగుల పైన ఎత్తు. గుమ్మం దాటేటప్పుడు తల వంచేవాడు. కప్పను కోసి నరాలు తెగకుండా విప్పడంలో మా లెక్చరర్లెవరూ అతనికి సాటిరారు. పరీక్షల ముందు విద్యార్థులు నన్ను వదిలి అతని చుట్టూ చేరేవారు.

అతని తండ్రి పాతపట్నం దగ్గర ఒక పల్లెలో, చేలోకి నీళ్లు మళ్లించుకునే తగాదాలో సొంత తమ్ముణ్ణి పారతో కొట్టి చంపాడు. జైల్లోనే పోయాడు. ఈ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు, అంతే.

ఆ రోజుల్లో ఇంగ్లీషు పేపర్లో ఒక వ్యాసం వచ్చింది. విదేశాల జైళ్లలో కొందరు పొడుగాటి ఖైదీలకు పుట్టుకతోనే ఒక క్రోమోజోము ఎక్కువ ఉందట, వాళ్లు హంతకులు కావడానికి అదే కారణం కావచ్చునట. మా డిపార్టుమెంటు హెడ్డుగారు దాన్ని కత్తిరించి నోటీసు బోర్డుకు గుచ్చారు. ఆయన మంచి టీచరు. ఆయన బఠానీ మొక్కలతో వంశలక్షణాల పాఠం చెబుతుంటే గంట కొట్టినా పిల్లలు లేచేవారు కాదు. ఈ మాట చెప్పకుండా ఆయన గురించి రాయడం నాకు ఇష్టం లేదు. ఇది చెప్పినకొద్దీ, ఆ తర్వాత ఆయన చేసినదాని మీద అసహ్యం పెరుగుతుందే గానీ తగ్గదు.

ఒక మంగళవారం మైక్రోస్కోపుల్లోకెల్లా మంచిదాని లెన్సు కనబడలేదు. బీరువాలన్నీ వెతికాం. మధ్యాహ్నం ఫైనలియర్ ప్రాక్టికల్స్ జరుగుతుండగా హెడ్డుగారు అటెండరును పిలిచి బల్ల ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు.

"ఒరే, లెన్సు ఏం చేశావు?"

"నాను తియ్యనేదు మేస్టారూ. పొద్దున్న బీరువా తీసినప్పటికే నేదు."

"నువ్వు తియ్యకపోవచ్చు. నీ రక్తం తీయించిందేమో చూద్దాం. నోరు తెరువు."

పిల్లలు నవ్వారు. సరదాకి అంటున్నారనుకున్నాను. కాదు. ఆయన ఐస్‌క్రీం పుల్లతో అటెండరు బుగ్గ లోపల గీకారు. "అమ్మాయ్, స్లైడు పట్టు" అన్నారు నాతో. పట్టాను. ఆ ఎంగిలి గాజు మీద పూసి, నీలిరంగు వేసింది నేనే. అతని పెదవి చివర రక్తపు చుక్క ఒకటి కనిపించింది. తుడుచుకోమని కూడా నేను చెప్పలేదు.

క్రోమోజోములు విడివిడిగా కనబడాలంటే కణం విభజన చెందుతూ ఉండాలి. బుగ్గ గీకితే వచ్చే కణాలు అలాంటివి కావు. ఇది నాకు తెలుసు. ఆయనకు నాకంటే బాగా తెలుసు.

ఆయన మైక్రోస్కోపులో కన్ను పెట్టి, "ఉంది. ఎక్కువే ఉంది" అన్నారు.

పిల్లలు వరసగా వచ్చి చూశారు. ప్రతివాడూ "అవును మాస్టారూ" అన్నాడు. ఒకడైతే చెయ్యి పెట్టి చూపించాడు కూడా, ఇదిగో ఇక్కడ అని. నేనూ చూశాను. నీటిలో నానిన కాగితం ముక్కల్లాంటి నీలి పొరలు, మధ్యన ఒక్కొక్క చుక్క. అంతకు మించి ఏమీ లేదు.

అటెండరు స్టూలు మీంచి లేచాడు. "నాకూ సూపించండమ్మా" అన్నాడు. బాగా వంగి, చాలాసేపు చూశాడు.

"ఇందల మా అయ్య ఎక్కడున్నాడు?"

ఎవరూ నవ్వలేదు. అతను నా వైపు తిరిగాడు. "మీకు కనిపించినాదా అమ్మా? నాకు ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఆలకీ ఉన్నాదా ఇది?"

హెడ్డుగారు నన్నే చూస్తున్నారు. ఆ ఏడు నా ఉద్యోగం పర్మనెంటు కావాలి. "నాకు సరిగా బోధపడలేదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత మెత్తగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

పది రోజులకు విజయనగరం కాలేజీ నుంచి ఒక పార్సెల్ వచ్చింది. లోపల మా లెన్సు, ధన్యవాదాలతో ఉత్తరం. పరీక్షల కోసం హెడ్డుగారే వాళ్లకు ఇచ్చి పంపి మరచిపోయారు. ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకుని, "ఈసారి కాకపోతే ఇంకోసారి తీస్తాడు. రక్తం ఊరుకోదు" అన్నారు. తిన్న అన్నం అరుగుతుందన్నంత మామూలుగా అన్నారు.

ఈలోగా మాట ఊళ్లోకి పోయింది. అతని పెద్దమ్మాయిని బడిలో పక్కన కూర్చోనివ్వడం లేదని విని, ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. అతను వాకిట్లో మంచం నులక బిగిస్తున్నాడు.

"ఆ రోజు అందులో ఏమీ కనిపించలేదు. అలా చూస్తే ఎవరికీ కనిపించదు" అన్నాను.

"తెలుసమ్మా" అన్నాడు, నులక లాగుతూనే. "నాకు సెప్పడానికి ఇంత దూరం వొచ్చినారు. ఊల్లో ఆలకి సెప్పాల."

అతని భార్య మజ్జిగ తెచ్చింది. తాగాను. గ్లాసు అరుగు మీద పెట్టి లేచి వచ్చేశాను.

తర్వాత అతను ప్రిన్సిపాలును అడిగి ఆఫీసుకు మారిపోయాడు. ల్యాబులో మళ్లీ అడుగు పెట్టలేదు. వరండాలో ఎదురుపడితే నాకు దండం పెట్టేవాడు. నాకు ఉద్యోగం పర్మనెంటు అయింది. మరుసటి ఏడు హెడ్డుగారు ప్రమోషన్ మీద వేరే కాలేజీకి వెళ్లారు. వీడ్కోలు సభలో ఆయన శాస్త్రీయ దృష్టి గురించి నలుగురు మాట్లాడారు. దండ ఎవరు వెయ్యాలా అని కాసేపు చూసి, డిపార్టుమెంటులో చిన్నదాన్ని నేనే గనక నన్ను వెయ్యమన్నారు.

వేశాను. చప్పట్లు కొట్టాను కూడా.