గూట్లో ఫోన్, పాలకూర మడిలో అక్క

ఆ సాయంత్రం లాల్‌గడి మలక్‌పేట్ రోడ్డు మీద నడుస్తూ మా అక్క కూలబడిపోయింది. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, మాట తడబాటు. చూసినవాళ్లు ఆటోలో ఆస్పత్రికి చేర్చారు. నాకు కబురంది వెళ్లేసరికి గ్లూకోజ్ ఎక్కుతోంది.

“హైపోగ్లైసీమియా. షుగర్ బాగా పడిపోయింది,” అన్నారు డ్యూటీ డాక్టర్. అక్క తేరుకున్నాక అడిగారు.

“పొద్దంతా ఏం పని జేసినవమ్మా?”

“పాలకూర కోసిన. కలుపు దీసిన.”

“మరి మళ్ల వాకింగ్ ఎందుకు పోయినవ్?”

“ఫోన్ జెప్పింది సారూ. ఇయ్యాల నువ్వు నడువనే లేదన్నది.”

అక్క ఆకుకూరలు పండిస్తుంది. నేను పత్రికలో పనిచేసి రిటైరై శామీర్‌పేటలో ఉంటున్నాను. ఇద్దరికీ షుగరే. ఆమెకు మొదట తీరని దాహం, ఆ తర్వాత పాదం మీద మానని పుండు. టెస్టుల్లో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్, ఎక్కువగా వచ్చింది. మాత్రలు మొదలయ్యాయి. షుగర్ ఉన్నవాళ్ల కోసం ఫోన్‌లో నడిచే, నాకు మేలు చేసిన ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లోనే ఆమెనూ చేర్చాను. ఎవరి ఒంటికి తగ్గ సలహా వారికిస్తామని దాని ప్రకటన.

నా మణికట్టుకు వాచ్ ఉంటుంది. నేను వేసే ప్రతి అడుగూ దానికి తెలుసు. అక్క అడుగులు లెక్కపెట్టాల్సిన ఫోన్ పగలంతా ఇంట్లో గూట్లోనే ఉంటుంది. మడిలో తడి, బురద. అక్కడ పనిచేసే ఆడవాళ్లెవరూ ఫోన్ వెంట తీసుకెళ్లరు. ఆమె కదలడమే లేదనుకున్న ప్రోగ్రామ్, మధ్యాహ్నం అన్నం తగ్గించమంది, సాయంత్రం నడవమంది. అక్క రెండూ చేసింది.

డాక్టర్ మాత్ర డోసు తగ్గించారు. “పనిజేసే మనిషివి, కడుపు మాడ్చుకోకు,” అన్నారు. నేను ప్రోగ్రామ్ కోచ్‌తో మాట్లాడాను. ఫోన్ వెంట ఉంచుకోమనండి అంది ఆ అమ్మాయి.

“నీళ్లల్ల పడితె ఆమె కొనిస్తదా?” అంది అక్క. “నీ చేతికి గడియారమున్నది తమ్మీ, నా చేతిల కొడవలున్నది. గది ఎవ్వలికి లెక్క జెప్తది?”

అయినా ఆమె ప్రోగ్రామ్ మానలేదు. పుండు ఫొటో పంపితే చూసి చెప్పే నర్సు అందులో ఉంది. ఆస్పత్రికి పోతే ఆ పూట ఆకుకూర కోత ఆగిపోతుంది. పుండు ఇంకా పూర్తిగా మానలేదు.

ఇలాంటి ప్రోగ్రామ్‌లో చేరేవారికి ఒక్క మాట. ఫోన్ చెప్పిన తిండి, నడక మొదలుపెట్టే ముందు, రోజంతా మీరు చేసే పనేమిటో మీ డాక్టరుకు చెప్పండి.

మడిలో పని లెక్కలోకి రావడం లేదన్న మా ఫిర్యాదు రాసుకున్నామని కోచ్ చెప్పింది. నిన్న సాయంత్రం వెళ్లేసరికి అక్క వాకిట్లో కాళ్ల బురద కడుక్కుంటోంది. గూట్లోంచి ఫోన్ పలికింది: ఈరోజు మీరు నడవలేదు.