దానియేలు గొట్టం, నా సైలెన్సర్

1986 ఫిబ్రవరి. చిలకలూరిపేటలో గుంటూరు వెళ్ళే రోడ్డు మీద నేను షెడ్డు పెట్టి అప్పటికి ఏడేళ్ళు. లారీలు, జీపులు, అప్పుడప్పుడే మన ప్రాంతానికి వస్తున్న చిన్న డీజిల్ పికప్‌లు నా దగ్గరికి వచ్చేవి. ఇంజను పని చాలామంది చేస్తారు. సైలెన్సర్ పని మాత్రం ఆ రోడ్డు మీద నా అంత శుభ్రంగా చేసేవాడు లేడని ఇప్పటికీ చెబుతాను. ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. వాళ్ళంతా దానియేలు షెడ్డుకు వెళ్ళేవాళ్ళు.

ఆ షెడ్డు నాకు ఎదురుగానే, రోడ్డుకు అవతల. ఇద్దరం గుంటూరులో ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాం. నేను అతనికన్నా రెండేళ్ళు ముందు చేరాను. అయినా మేస్త్రి ఊరికి వెళ్తే గ్యాస్ వెల్డింగు దానియేలుకు అప్పగించి, నన్ను నట్లు కడగమని చెప్పి వెళ్ళేవాడు. ఒకసారి పదిమంది డ్రైవర్ల ముందు, "రంగారావు చెప్పింది చేస్తాడు. దానియేలు చూసి చేస్తాడు" అన్నాడు. మేస్త్రి పోయి చాలాకాలమైంది. ఆ మాట మాత్రం నాలోంచి పోలేదు.

వెంకట్రామయ్య గారిది పర్చూరు వైపు ఒక ఊరు. మిరప రైతు. ఒక పాత పికప్ కొన్నాడు. తెల్లవారి దాంట్లో కూలీలను చేనుకు తెచ్చుకోవడం, ఎండిన కాయను గుంటూరు మిర్చి యార్డుకు తోలుకోవడం. బండి ఆయనే నడిపేవాడు. ఒకరోజు షెడ్డు ముందు ఆపితే నా చెవులు దిమ్మెక్కిపోయాయి.

"నేను ఊళ్ళోకి రాకముందే కుక్కలు లేస్తున్నాయి మేస్త్రీ" అన్నాడు.

కిందికి దూరి చూశాను. పైపు కేబిన్ కిందే తెగిపోయింది. వెనక సైలెన్సర్ డబ్బా ఉంది గాని, దాంట్లోకి పొగే వెళ్ళడం లేదు.

"కంపెనీది వేయించమంటావా, బయట చేసింది వేయించమంటావా? దానియేలు చేసిస్తానన్నాడు."

"ముందు వాడి దగ్గరికి వెళ్ళొచ్చారా?"

"దారిలో ఉన్నాడు గదయ్యా, అడిగా."

నా షెడ్డు కూడా ఆ దారిలోనే ఉంది.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఇంజనులో కాలిన పొగ ముందు పైపులోంచి సైలెన్సర్ డబ్బాలోకి వస్తుంది. డబ్బా లోపల చిల్లుల గొట్టాలు, అడ్డు పలకలు ఉంటాయి. చప్పుడు అక్కడ అణిగి, పొగ టెయిల్ పైపు గుండా బండి వెనక్కి పోతుంది. ఆ అడ్డు పలకల వల్ల పొగ కొంత ఇంజను మీదికే నెట్టుకొస్తుంది. దాన్ని బ్యాక్ ప్రెషర్ అంటాం. అది ఎంత ఉండాలో కంపెనీవాళ్ళు లెక్క కట్టి డబ్బా తయారుచేస్తారు. బయట చేసేదానికి ఆ లెక్క ఉండదు, చేసేవాడి చేతి అంచనా ఉంటుంది. అంచనా తప్పితే చప్పుడు పెరుగుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోడు మీద బండి లాగదు. ఇదంతా వెంకట్రామయ్య గారికి అరగంట చెప్పాను. నిజమే చెప్పాను. దానియేలు మీద ఉక్రోషంతో చెప్పినంత మాత్రాన అబద్ధం కాదు.

కంపెనీ సైలెన్సర్ కోసం నేనే విజయవాడ వెళ్ళాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కొత్త గ్యాస్కెట్లు, డబ్బాను వేలాడదీసే కొత్త రబ్బరు హ్యాంగర్లు వేశాను. స్టార్టు చేస్తే ఇంజను తిరుగుతోందా లేదా అని వెంకట్రామయ్య గారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు.

"పెళ్ళికొడుకు కారులా ఉందయ్యా!" అన్నాడు. రోడ్డు అవతల దానియేలు తలెత్తి చూడటం గమనించాను. ఆ పూట అన్నం రుచిగా తిన్నాను.

పది రోజులకు బండి మళ్ళీ వచ్చింది. ముందు సీట్లో ఒకామె కూర్చుని ఉంది. పేరు మరియమ్మ. ఇరవైమంది ఆడకూలీల ముఠాకు పెద్ద. వెంకట్రామయ్య గారి ఊరికి ఏడెనిమిది మైళ్ళ దూరంలో ఉన్న పల్లె వాళ్ళది. కోతల కాలంలో ముఠా దొరకడమే కష్టం, దొరికినదాన్ని రైతు కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాడు.

"ఆయన చెబితే నమ్మవని నన్ను తీసుకొచ్చాడు" అంది మరియమ్మ బండి దిగుతూనే. "నువ్వు ఈ గొట్టం వేసిన కాణ్ణించి బండి దిగేసరికి తలకాయలు పగిలిపోతున్నాయి. నిన్న మా సువార్తమ్మ చేలో దిగకుండానే గట్టు మీద కక్కుకుంది. కడుపుతో ఉన్న పిల్ల."

"మిరపకాయ ఘాటు అయ్యుంటుంది."

"ముప్పై ఏళ్ళ నుంచి కోస్తన్నా మిరపకాయ. దాని ఘాటు నాకు నేర్పుతావా? ఇది పొగ. నోట్లో డీజిలు కంపు."

నాకు కోపం వచ్చింది. టెయిల్ పైపుకు గుడ్డ అడ్డం పెట్టించి, ప్రతి అతుకు మీదా సబ్బు నురగ రాసి చూపించాను. పొగ కారితే బుడగ లేస్తుంది. ఒక్క బుడగ లేవలేదు.

"చూశావా? ఎక్కడా లీకు లేదు."

"లేకపోతే ఇరవైమందిమి కలగన్నామా?"

వెంకట్రామయ్య గారు తల గోక్కున్నాడు. "రేపట్నుంచి బండి ఎక్కం అంటున్నారు మేస్త్రీ. ఇంకో రైతు ట్రాక్టరు పంపిస్తానన్నాడంట. రెండో కోత కాయంతా పండి చెట్టు మీద ఉంది. వారం ఆగితే తెల్లబడి తాలుకాయ అయిపోద్ది. ఈ ఏడు మొత్తం ఆ కాయ మీదే ఉంది."

"సాకులండీ. ట్రాక్టరాయన ఏదో ఎక్కువ ఇస్తానని ఉంటాడు" అన్నాను, ఆమె వింటుండగానే.

మరియమ్మ అరవలేదు. "ఒక్క పూట వచ్చి మా పక్కన కూర్చో మేస్త్రీ" అంది.

"నాకు పనుంది" అన్నాను.

బండి రివర్సు తీసి, రోడ్డు దాటి, దానియేలు షెడ్డు ముందు ఆగింది. జీపు కింద పడుకుని అంతా చూశాను. నేను విజయవాడ నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన సైలెన్సర్ అతని షెడ్డు ముందు నిలబడింది.

తర్వాత రెండు రోజులు దానియేలు షెడ్డు పొద్దెక్కాక గాని తెరవలేదు. బద్ధకం బలిసిందనుకుని సంతోషించాను. మూడో రోజు పని మొదలుపెట్టాడు. సైలెన్సర్ డబ్బా జోలికి పోలేదు. దాని వెనకున్న టెయిల్ పైపు కోసేసి, వేరే పైపు అతికి, కేబిన్ వెనక నుంచి నిటారుగా పైకి లేపాడు. టార్పాలిన్ కప్పుకన్నా జానెడు ఎత్తు. అచ్చం ట్రాక్టరు గొట్టమే. డ్రైవర్లు టీ గ్లాసులతో వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"ట్రాక్టరుకు తమ్ముడు పుట్టాడ్రోయ్!" అని నా షెడ్డులోంచి గట్టిగా అరిచాను. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఆడవాళ్ళు బండెక్కారు. వారం తిరిగేసరికి దానియేలు ముందు మరో మూడు పికప్‌లు నిలబడ్డాయి. అందరికీ దానియేలు గొట్టం కావాలి. డబ్బా కంపెనీదే. అది తెచ్చి బిగించింది నేను. ఆ సంగతి ఒక్కడి నోట రాలేదు. అతని షెడ్డులో సుత్తి దెబ్బ పడితే నా కణతల మీద పడ్డట్టుండేది. భోజనానికి కూర్చున్నా చెవి ఎదుటి షెడ్డు మీదే.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారికి అర్జీ రాశాను. కంపెనీ డిజైను మార్చారు, ప్రమాదకరం, చర్య తీసుకోవలసింది. అర్జీకి రుజువు కావాలి గదా. నిలువు గొట్టంతో కూడా పొగ లోపలికి వస్తుందని కళ్ళారా చూసి రాద్దామని ఒక తెల్లవారి మరియమ్మ పల్లెకు వెళ్ళాను. చర్చి ముందు బండి ఆగి ఉంది. ఆడవాళ్ళు క్యారేజీలు పట్టుకుని ఎక్కుతున్నారు.

"ఇప్పుడొచ్చావా మేస్త్రీ? కక్కేటప్పుడు రావాల్సింది" అంది మరియమ్మ. అందరూ నవ్వారు.

"మేస్త్రికి మెత్తటి చోటు ఇయ్యండే. సీటు మీద తప్ప కూర్చుని ఎరగడు" అంది ఇంకొకామె.

మంచు పడుతోంది. పైనా మూడు పక్కలా టార్పాలిన్ కట్టి, వెనక మాత్రం తెరిచి ఉంచారు. బండి కదిలింది. ముక్కు ఎగరేసి పీల్చాను. చేమంతుల వాసన, తలనూనె వాసన, ఎవరిదో గోంగూర పచ్చడి వాసన. పొగ లేదు.

"దానియేలుకు ఎలా తెలిసింది?" అని అడిగాను. నాకు ఇష్టం లేకుండానే ఆ ప్రశ్న వచ్చింది.

"ఇంకో రెండు పొద్దులు ఎక్కండి, నేనూ వస్తానని బతిమాలి మాతోపాటు వచ్చాడు" అంది మరియమ్మ. "ఆ చివర కూర్చున్నాడు. వెనక తలుపుకు వరసగా దూది పోగులు కట్టాడు. బండి పరిగెత్తేటప్పుడు పోగులు బయటికి ఎగరాలి గదా? అన్నీ లోపలికే వాలినయ్యి, మా మొహాల మీదికి. రెండో పొద్దు అతను కూడా కక్కుకున్నాడు, సువార్తమ్మ కక్కిన గట్టు మీదే."

అప్పుడు అర్థమైంది. కప్పు వేసిన బండి పరిగెడుతుంటే దాని వెనక గాలి సుడి తిరిగి లోపలికి లాగుతుంది. సరిగ్గా ఆ సుడిలోకి కంపెనీ టెయిల్ పైపు పొగ వదులుతుంది. పాత పైపు కేబిన్ కింద తెగి ఉండటం వల్ల చప్పుడు చేసినా పొగను పక్కకు, రోడ్డు మీదికి వదిలేసేది. చెడిపోయిన పైపు వాళ్ళను కాపాడింది, నా కొత్తది కాటేసింది. కంపెనీవాళ్ళు ఆ బండి బస్తాల కోసం చేశారు. బస్తాలు ఊపిరి పీల్చవు. నేనేమో నిలబడి ఉన్న బండికి సబ్బు నురగ రాసి, పరిగెత్తే బండి గురించి తీర్పు చెప్పాను.

కడుపుతో ఉన్న పిల్ల నాకు ఎదురుగానే కూర్చుంది. చలికి కేబిన్ వైపు జరిగి, గొట్టానికి దగ్గరగా వీపు పెట్టుకుంది. ఆమె కొంగు చివర గోధుమరంగు మచ్చ కనిపించింది.

"ఏమ్మా, అది కాలిందా?"

"వెచ్చగా ఉంటదని ఆనుకున్నానండీ. కొంచెం అంటుకుంది" అంది సువార్తమ్మ.

దొరికావురా దానియేలూ అనుకున్నాను. నా ఒళ్ళంతా తేలికైంది. గొట్టం ఒట్టిగా ఉంది, చుట్టూ ఏ రక్షణా లేదు. ఇదే బండిలో పత్తి వేస్తే నిప్పే. అర్జీలో రాయడానికి ఇంతకన్నా ఏం కావాలి? అర్జీ జేబులోనే ఉంది. కానీ ఇన్‌స్పెక్టరు గారు బండి ఆపితే మొదట గొట్టం చూడడు. సరుకుల బండిలో మనుషులెందుకున్నారని అడుగుతాడు. మొదట దిగేది ఈ ఇరవైమంది. ఆ కాయ చెట్టు మీదే ఉంటుంది, వీళ్ళ కూలి పోతుంది. అర్జీ ఇవ్వలేదు. మంచితనమనుకోవద్దు. అది ఇచ్చింది నేనేనని తెలిస్తే ఈ చుట్టుపక్కల ఏ రైతూ నా గడప తొక్కడని కూడా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం రోడ్డు దాటి దానియేలు షెడ్డులోకి వెళ్ళాను. ఏడేళ్ళలో అదే మొదటిసారి.

"ఏరా, ఆ గొట్టానికి ముసుగెవడు వేస్తాడు? పిల్ల కొంగు కాలింది. పత్తి లోడు పడితే బండి బూడిద."

పోట్లాటకు సిద్ధపడే వెళ్ళాను. దానియేలు చేతిలో పని పక్కన పెట్టాడు.

"నిజమే అన్నా. పొగ ధ్యాసలో పడి వేడి సంగతి మర్చిపోయా. ఆ రేకు పని నీకే బాగా వచ్చు. చేసి పెట్టవా?"

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు. కాస్త వాదిస్తే బాగుండేది. చిల్లుల రేకును గొట్టం చుట్టూ రెండు వేళ్ళ ఎడంతో చుట్టి, క్లాంపులతో బిగించాను. గాలి ఆడుతుంది, చెయ్యి పెట్టినా కాలదు. మిగతా మూడు బండ్లకూ వేశాను. ఒక లారీ డ్రైవరు చూసి, "దానియేలు గొట్టానికి రంగారావు చొక్కా తొడిగాడు" అన్నాడు. ఈసారి అందరూ నవ్వారు.

వెంకట్రామయ్య గారి రెండో కోత తెల్లబడకముందే పూర్తయింది. ఆ ముఠాయే మూడో కోతకూ వచ్చింది.

ఇప్పుడు ఎవరైనా కంపెనీదా, బయటిదా అని అడిగితే వెంటనే జవాబు చెప్పను. ఆ బండిలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో అడుగుతాను. వీలైతే వాళ్ళ చోట కూర్చుని ఒక పూట తిరిగి వస్తాను. ఇది దానియేలు దగ్గర నేర్చుకున్నానని రోడ్డు మీద అందరూ అంటారు. వాళ్ళు చెప్పేది నిజం. అబద్ధమైతే ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.