బావుల మామ వెంట సొరంగంలోకి

ఆ రోజుల్లో నాకు భయమంటే ఏమిటో తెలియదని ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి. చెప్పింది మాత్రం నేనొక్కణ్ణే, ఇంకెవరూ అన్న గుర్తు లేదు. ఇరవై నాలుగేళ్ల వయసు, బీకాం పట్టా, చొక్కా జేబులో దువ్వెన, మార్కాపురంలో మా మేనమామ మోటార్లు పైపుల దుకాణంలో కౌంటరు దగ్గర కుర్చీ. మనిషికి ధైర్యం రావడానికి ఇంతకన్నా ఏం కావాలి అనుకునేవాణ్ణి. (కరెంటు పోతే మేడ మీద పడుకున్నవాణ్ణి కాస్తా కిందికి వచ్చి అమ్మ మంచం పక్కన చాప వేసుకునేవాణ్ణి, అది వేరే సంగతి.)

మామను మా వైపు అందరూ బావుల మామ అనేవాళ్ళు. తర్లుపాడు, కొనకనమిట్ల పల్లెల్లో నీళ్ళ కోసం ఎక్కడ బావి తవ్వాలన్నా ఒకప్పుడు ఆయనే మేస్త్రీ. బోర్లు వచ్చి బావుల పని తగ్గిపోయాక మోటార్ల దుకాణం పెట్టాడు. పలుగు వదిలినా అరచేతుల్లో కాయలు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఆయనకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు మా ఇద్దరినీ చూసి ఇంట్లో అందరూ మొగుడూ పెళ్ళాలని వేళాకోళం ఆడేవాళ్ళు. ఆమె బీఈడీ చేరి, నేను కౌంటరు దగ్గరే ఆగిపోయేసరికి ఆ వేళాకోళాలు ఎవరూ చెప్పకుండానే ఆగిపోయాయి. నా మనసు మాత్రం ఆగలేదు. ఒకసారి అమ్మ ధైర్యం చేసి అడిగితే మామ అవునూ అనలేదు, కాదూ అనలేదు, ‘చూద్దాంలే అక్కా’ అన్నాడు. ఆయన చూసేది నన్నేనని నాకు తెలుసు. ఏం చూస్తున్నాడన్నదే తెలియదు.

చివరికి నా అంతట నేనే ఒకటి కనిపెట్టాను. చిన్నప్పుడు సెలవుల్లో మామ పని చేసేచోటికి వెళ్ళేవాణ్ణి. బావిలోకి మనిషిని దింపే ముందు, తాడు నడుముకు కట్టాక, మామ ఒక్కొక్కరినీ మొహంలో మొహం పెట్టి ఒకటే మాట అడిగేవాడు: ‘భయమేస్తాందా?’ వాళ్ళు ఏదో గొణిగేవాళ్ళు. కొందరిని దింపేవాడు, కొందరిని ‘నువ్వు పైన్నే ఉండి మన్ను లాగు’ అని పక్కన నిలబెట్టేవాడు. గట్టు దగ్గరికి నన్ను రానిచ్చేవాళ్ళు కాదు గనక ఎవరు ఏం చెప్పారో నాకు వినపడేది కాదు. భయమన్నవాణ్ణి పైన ఉంచుతాడు, లేదన్నవాణ్ణి దింపుతాడు, అంతే కదా అని తేల్చేసుకున్నాను. నా పెళ్ళి ఆశంతా ఈ ఒక్క తీర్మానం మీదే కట్టుకున్నాను.

అలా ఉండగా పైపుల కంపెనీ వాళ్ళు డీలర్లను వియత్నాం తీసుకుపోతామన్నారు. ఒక్కో దుకాణానికి ఇద్దరు. ‘కాళ్ళు నేలకు ఆనకపోతే నాకు కుదరదు, మీరు పోయి రాండి’ అని అత్త తప్పుకుంది. మామ నా వైపు తిరిగి, ‘అల్లుడా, నీకు ఇంగ్లీషు వచ్చు గదా, నువ్వు రా’ అన్నాడు. అత్త ఒక స్టీలు క్యారియరు నిండా పులిహోర, ఇంకో డబ్బా నిండా సజ్జ రొట్టెలు కట్టి, ఇద్దరి పాస్‌పోర్టులూ ఒక సంచిలో పెట్టి, ఆ సంచి నా పొట్టకు కట్టి, ఇల్లు చేరేదాకా విప్పొద్దంది. స్నానానికి తప్ప విప్పలేదు. పులిహోర రెండో రోజే అయిపోయినా, క్యారియరు పోతే అత్త ఊరుకోదని ఖాళీదాన్ని కూడా అదే సంచిలో మోశాను.

మూడో రోజు పొద్దున మిగతా డీలర్లంతా బజారుకు పోయారు. మామ హోటలు కింద ఒక కాగితం పట్టుకుని నిలబడ్డాడు. అందులో ఒక మనిషి ఛాతీ దాకా భూమిలోంచి పైకి లేచి ఉన్నాడు.

‘ఏంది అల్లుడా ఇది? బావా?’

‘కాదు మామా. కూచి అని ఊరంట. యుద్ధంలో దాక్కోడానికి తవ్వుకున్న సొరంగాలంట. పూట పని, మధ్యాహ్నానికి తిరిగొస్తామంట.’

‘చేత్తో తవ్వినారా, మిషనుతోనా?’

‘చేత్తోనే అని రాసినారు.’

‘అయితే పోవాల్సిందే’ అన్నాడు మామ.

చిన్న వ్యానులో ఎనిమిది మందిమి. మేమిద్దరం, తాటిచెట్టంత పొడుగున్న ఒక తెల్లాయన, ఆయన భార్య, కొరియా నుంచి వచ్చిన నలుగురు చదువుకునే పిల్లలు. మా గైడు అరవై దాటిన సన్నటి మనిషి, నెత్తిన గుడ్డ టోపీ. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. అడవిలో ఒకచోట ఆగి, కాలితో ఎండుటాకులు పక్కకు జరిపి, ఇక్కడ తలుపు ఎక్కడుందో చెప్పమన్నాడు. అందరం వంగి వెతికాం. నేల తప్ప ఏమీ లేదు. అతను గోరుతో ఒక అంచు పట్టుకుని పలక లేపాడు. మా దుకాణంలో మోటారు వచ్చే అట్టపెట్టెకంటే చిన్న కంత. రెండు చేతులూ పైకెత్తి అందులోకి దిగిపోయి, నెత్తి మీద మూత పెట్టేసుకున్నాడు. మళ్ళీ నేల తప్ప ఏమీ లేదు. మేం నిలబడ్డ నేల కింద ఒక మనిషి ఉన్నాడని తెలిసి కూడా నమ్మబుద్ధి కాలేదు.

అతను పైకి రాగానే కొరియా పిల్లలు తుపాకుల గురించి, బాంబుల గురించి అడిగారు. మామ నా మోచెయ్యి గిల్లి, ‘మన్ను యాడ పోసినారో అడుగు’ అన్నాడు. ఇంత గొప్ప చోటికి వచ్చి మన్ను గురించి అడగడం నాకు చిన్నతనంగా అనిపించింది. అయినా అడిగాను. గైడు టోపీ తీసి మామను తేరిపార చూశాడు. ఎన్నో ఏళ్ళుగా మనుషుల్ని తిప్పుతున్నాననీ, ఎవరూ మొదట ఈ మాట అడగలేదనీ అన్నాడు. తవ్వడం కష్టమే, మన్ను కనపడకుండా చెయ్యడం ఇంకా కష్టమన్నాడు. గంపల్లో మోసి బాంబులు పడ్డ గుంతల్లో పోశారట, ఏట్లో కలిపారట, దున్నిన చాళ్ళలో పరిచారట. కొత్త మన్ను కుప్ప ఒక్కటి పైనున్న విమానానికి కనపడితే చాలు, కింద ఉన్నవాళ్ళ పని అయిపోయినట్టే.

అక్కడినుంచి టూరు వాళ్ళిద్దరిది. నేను మధ్యలో మాటలు మోసే కూలీని. గాలి ఎట్ల వచ్చేది? చెదల పుట్టల్లా కనపడేటట్టు చేసిన కంతల్లోంచి. వంట పొగ? దూరంగా కాలవ తీసి, పొద్దున్నే మంచులో కలిసిపోయేటట్టు వదిలేవాళ్ళు. వానకు మన్ను కూలదా? మామ చెప్పులు విడిచి, పిడికెడు మన్ను తీసి వేళ్ళ మధ్య నలిపి, తనకు తనే జవాబు చెప్పుకున్నాడు: ‘ఎండితే రాయి మాదిరి అయితది ఈ మన్ను. అందుకే నిలబడింది.’ గైడుకు తెలుగు రాకపోయినా తల ఊపాడు. వాళ్ళు వాడిన పారను తెచ్చి చూపించాడు. మా ఇంట్లో పూలకుండీల దగ్గర కూడా అంతకన్నా పెద్దది ఉంటుంది. మామ దాన్ని పట్టుకుని, గొంతుక్కూర్చుని, ఇంత ఇరుకులో చెయ్యి ఎట్ల ఆడుతుందో గాల్లో తవ్వి చూసుకున్నాడు. గైడు నవ్వి, తనూ పక్కన గొంతుక్కూర్చుని, మోచెయ్యి పక్కటెముకకు ఆనించి ఎట్ల కొట్టాలో చూపించాడు. తరవాత ఇద్దరూ అరచేతులు తెరిచి పక్కపక్కన పెట్టుకున్నారు. మార్కాపురం కాయలూ కూచి కాయలూ ఒకటే చోట ఉన్నాయి. పొడుగాయన భార్య కళ్ళు తుడుచుకోవడం చూశాను. నేను మగవాణ్ణి కదా, దగ్గాను.

‘మేం నీళ్ళ కోసం తవ్వినాం అల్లుడా. వీళ్ళు ఊపిరి కోసం తవ్వినారు’ అన్నాడు మామ. ఆయన గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు.

ఆ తరవాత సొరంగం నోటి దగ్గరికి చేరాం. చూడ్డానికి వచ్చినవాళ్ళ కోసం దీన్ని కాస్త వెడల్పు చేశారట. (ఆ వెడల్పులో మా వీధి కుక్క కూడా తోక ముడుచుకునే పోవాలి.) మామ అందరికీ అడ్డంగా నిలబడ్డాడు. ‘అందరినీ అడుగు అల్లుడా, భయమేస్తాందా అని.’ నేను నా ఇంగ్లీషులో ‘యూ ఆల్ ఆర్ ఫియరింగ్?’ అన్నాను. కొరియా పిల్లలు కొంచెం అన్నట్టు వేళ్ళు చూపించారు. పొడుగాయన, తనకు చాలా భయమనీ, అసలు రాననీ, అవతలి నోటి దగ్గర కెమెరా పట్టుకుని ఉంటాననీ చెప్పేశాడు. అంత మనిషి అంత సులువుగా ఒప్పుకోవడం చూసి జాలిపడ్డాను. ఆయన భార్య తనకూ భయమే గానీ వస్తానంది. మామ గైడును కూడా వదల్లేదు. గైడు, పదమూడేళ్ళప్పుడు గంప మోస్తూ మొదటిసారి దిగాననీ, అప్పటినుంచి దిగిన ప్రతిసారీ భయపడుతూనే ఉన్నాననీ అన్నాడు.

‘నీకో?’ అన్నాడు మామ నా వైపు తిరిగి.

నేను ఎదురుచూసింది ఈ క్షణం కోసమే. ఛాతీ విరిచి, ‘నాకేం భయం మామా!’ అన్నాను.

‘ఇంతమందిలో భయం లేనోడివి నువ్వొక్కడివే ఉండావు’ అన్నాడు మామ. అది మెచ్చుకోలే అనుకుని మురిసిపోయాను. ‘సరే, నా ఎనకాలే రా.’

ముందు గైడు, తరవాత కొరియా పిల్లలు, మామ, నేను, నా వెనక పొడుగాయన భార్య. మొదట వంగి నడిచాం, తరవాత పాకాం. నాలుగు బారలు పోయేసరికి పైన ఉన్న అడవి, ఆకాశం, హోటలు, మార్కాపురం అన్నీ అబద్ధమనిపించింది. వేడి. మన్ను వాసన. గోడ మీద చెయ్యి పెడితే పార దెబ్బలు వేళ్ళకు తగిలాయి, ఒక్కో దెబ్బా విడివిడిగా. ఎవరో మనిషి నాలాగే మోకాళ్ళ మీద ఉండి, పైన బాంబులు పడుతుంటే, వీటిని ఒకటొకటిగా కొట్టాడు. ఇక్కడే వండుకున్నారు, ఇక్కడే పిల్లల్ని కన్నారు. ఆ ఆలోచనకు నా గుండె ఎంత పెద్దదయిందో, దారి అంత చిన్నదయింది. ఒక మలుపు దగ్గర నా పొట్ట మీది క్యారియరు మన్ను అంచుకు తట్టుకుని ఖంగుమంది. ముందుకు జరిగితే ఖంగు, వెనక్కు జరిగితే ఖంగు. ఊపిరి అందలేదు. వెనక నుంచి ఆ తల్లి నీకు బాగానే ఉందా అని అడిగింది. ‘ఐ యామ్ ఫైన్’ అన్నాను. ఆ గొంతు నాది కాదు, కోడిపిల్లది.

ముందున్న మామ ఆగాడు. తిరగడానికి చోటు లేదు గనక వెనక్కే పాకి వచ్చాడు. ఆయన పాదం నా మొహానికి తగిలింది.

‘భయమేస్తాందా?’

‘లే... లేదు మామా.’

‘అయితే ఉండు. నేను పోతా.’ పాదం వెళ్ళిపోయింది.

‘మామా! భయమేస్తాంది మామా! చచ్చేంత భయమేస్తాంది!’ అని అరిచాను. ఆ అరుపు గోడలకు తగిలి, కూచి పల్లె మొత్తానికీ తెలుగు నేర్పింది.

పాదం మళ్ళీ వచ్చింది. ‘ఆ. ఇప్పుడు చెప్పినావు నిజం. సంచిని పక్కకు తిప్పుకో. కండ్లు మూసుకుని నా కాలు పట్టుకో. నేను జరిగినప్పుడు జరుగు, ఆగినప్పుడు ఆగు.’ పట్టుకున్నాను. పాకుతూ పాకుతూనే ఆయన మాట్లాడాడు, బావిలోంచి పైకి మాట్లాడేవాళ్ళలా నిదానంగా. ‘భయం లేదన్నోడిని నేను బావిలోకి దింపను రా. భయమున్నోడు తాడు చూసుకుంటాడు, రాయి చూసుకుంటాడు, పైనోడి మాట వింటాడు. భయం లేదని కోతలు కోసినోడిని ఒక్కడిని దింపినాను, నా కుర్రతనంలో. వాళ్ళమ్మ ఇప్పటికీ నాతో మాట్లాడదు.’

వెలుతురు వచ్చేదాకా నేను ఆ కాలు వదల్లేదు.

బయట అందరికీ ఉడకబెట్టిన కర్రపెండలం, వేయించిన వేరుశనగ పొడి పెట్టారు. సొరంగాల్లో ఉన్నవాళ్ళు తిన్నది అదేనట. మామ ఒక్క ముక్క కూడా వదలకుండా తిని, వెళ్ళేటప్పుడు గైడుకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. గైడూ అట్లాగే పెట్టాడు. నేను మాత్రం వ్యానులో కిటికీ పక్కన కూర్చుని, నా పెళ్ళి ఆ సొరంగంలోనే పూడిపోయిందని లోలోపల ఏడ్చాను. మేనల్లుడు మామ కాలు పట్టుకుని అరిచాడని తెలిస్తే పిల్లనెవరిస్తారు?

ఊరొచ్చాక మూడు వారాలు మామ ఆ మాటే ఎత్తలేదు. కౌంటరు దగ్గర నేను తలే ఎత్తలేదు. ఒక ఆదివారం పొద్దున మామ, అత్త, వాళ్ళ వెనక వాళ్ళ అమ్మాయి మా ఇంటికి వచ్చారు. నాయన కుర్చీలు వేశాడు, అమ్మ కాఫీ ఇచ్చింది. మామ గ్లాసు కింద పెట్టి, అందరి ముందూ నన్ను పిలిచాడు.

‘అల్లుడా, మా పిల్ల నీకంటే ఎక్కువ చదివింది. కోపమూ ఎక్కువే. తప్పు చేస్తే మొహం మీదనే చెప్తది. జీవితమంతా దాంతో ఉండాల. భయమేస్తాందా?’

అందరూ నవ్వారు. ఆమె కూడా తల తిప్పుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె తలుపు పక్కన నిలబడ్డ తీరు, నేను ఆమెకు ఏ మాత్రం సరిపోతానన్న అనుమానం, రెండూ కలిసి నన్ను మళ్ళీ ఆ సొరంగం మలుపులో పడేశాయి.

‘వేస్తాంది మామా’ అన్నాను.

మామ అమ్మ వైపు తిరిగాడు. ‘ముహూర్తం పెట్టించు అక్కా. ఇంక పిల్లోడిని దింపొచ్చు.’

ఆ పొడుగాయన అవతలి నోటి దగ్గర కెమెరాతో ఉన్నాడని చెప్పాను కదా. దయగల మనిషి, ఆ తరవాత ఫోటో పంపించాడు. అందులో మామ నవ్వుతూ కంతలోంచి బయటికి వస్తున్నాడు. ఆయన వెనక, ఎర్రమన్ను పూసుకున్న జుట్టుతో, గట్టిగా కళ్ళు మూసుకుని, రెండు చేతులతో ఆయన చీలమండ పట్టుకుని ఒక కుర్రాడు. పొట్ట మీద క్యారియరు. ఆ ఫోటో ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. ఎవరైనా ఇదేమిటని అడిగితే నా భార్య, ‘మా పెళ్ళిచూపుల ఫోటో’ అంటుంది. ఒకప్పుడు ఆ మాటకు ఉడుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి చూస్తే ముద్దొస్తాడు. నాకిప్పుడు లేని ఆ జుట్టును చూస్తే కొంచెం కుళ్ళుగా కూడా ఉంటుంది.

మామకు ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి. దుకాణం ముందు మూడే మెట్లు. అంతంత బావులు దిగినవాడు, ఆ మూడు మెట్ల దగ్గర ఆగి నా భుజం కోసం చెయ్యి చాపుతాడు. నేను ఊరుకోను, ‘భయమేస్తాందా మామా?’ అని అడుగుతాను.

‘వేస్తాంది రా, గట్టిగా పట్టుకో’ అంటాడు.

గట్టిగా పట్టుకుంటాను. నాకూ వేస్తుంది. ఇద్దరం నిదానంగా ఒక్కో మెట్టూ దిగుతాం.