ఎండిన మద్దిలో నీళ్లు

1984 మార్చిలో నన్ను రేపల్లె వైపు మడ అడవుల నుంచి ప్రకాశం జిల్లా పడమటి కొండలకు రేంజరుగా బదిలీ చేశారు. మడ చెట్టు ఉప్పునీటి బురదలో నిలబడి ఏడాదంతా పచ్చగా ఉంటుంది. ఇక్కడ కొండ మొత్తానికి పచ్చటి ఆకు లేదు. చూడగానే ప్రాణం ఉసూరుమంది.

ఏప్రిల్లో మా డివిజను పెద్ద, డి.ఎఫ్.ఓ. గారు తనిఖీకి వచ్చారు. ఆయనది నల్లపాడు దగ్గర పత్తి, మిరప పండించే కుటుంబం. జీపు దిగి చుట్టూ చూసి, "చచ్చిన అడవయ్యా ఇది. ఆకు రాలిన పత్తికట్టెను మేం పీకి పొయ్యిలో పెడతాం. ఇదంతా కొట్టించి జామాయిల్ వేద్దాం, ప్రతిపాదన రాసి పంపు," అన్నారు. కొట్టాక ఏమనుకున్నా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆయనకు ఎదురు చెప్పే హోదా నాకు లేదు, నోరు మాత్రం ఊరుకునే రకం కాదు.

ఈ చెట్లు ఎలా బతుకుతున్నాయా అని వచ్చినప్పటి నుంచీ నాకు ఒకటే కుతూహలం. చాకుతో బెరడు గీకితే చాలావాటికి లోపల పచ్చగానే ఉండేది.

"సార్, పత్తి ఒక్క కారు పంటండీ. ఇవి ఆకు రాల్చి నీళ్లు పొదుపు చేస్తాయి. మడ చెట్టేమో ఉప్పునీళ్లు తాగలేక, దొరికిన మంచినీళ్లు మందపాటి ఆకులో దాచుకుంటుంది. రెండూ పిసినారులేనండీ," అన్నాను.

"కబుర్లొద్దు. నీళ్లు చూపించు," అన్నారాయన.

కొన్ని నల్లమద్ది మానులకు బొడిపె ఉంటుంది. వేసవిలో అందులో నీరు నిలవ ఉంటుందని విన్నానే గానీ చూడలేదు. అన్నిటిలో ఉండదని కూడా విన్నాను. మా వెంట వచ్చిన ఫారెస్టు గార్డు చేతి గొడ్డలి తీసుకుని, బొడిపె ఉన్న మద్దిని వెతికి నేనే కొట్టాను. పొడి పొట్టు రాలింది. ఆయన జీపు వైపు చూశారు. ఇంకో రెండు దెబ్బలు వేశాక నీరు ధారకట్టి నా చొక్కా తడిపేసింది.

ఆయన దోసిలి పట్టి, పుక్కిలించి ఉమ్మేశారు. "వగరు," అని తడిచేత్తో ఆ మాను బెరడు తడిమి చూశారు. "వానలు పడ్డాక వస్తా. అప్పటిదాకా ఎవరినీ గొడ్డలి పెట్టనివ్వకు."

నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ గాటుకు తడిమట్టి మెత్తి ఇంటికి వెళ్లాను.

వానాకాలంలో అన్నట్టే వచ్చారు. ఎదుటి కొండ కనబడనంత ఆకు. జామాయిల్ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ గుర్తు చేయలేదు.

పత్తి చేలో నేర్చిన చూపు అడవికి చాలదు, మడలో నేర్చింది కొండకు చాలదు. ఆ తర్వాత ఎక్కడికి బదిలీ అయినా, ఒక వేసవీ ఒక వానాకాలమూ చూడందే చెట్లు కొట్టే ప్రతిపాదన మీద నేను సంతకం పెట్టలేదు.