తెల్లపొడి చెదరని గుత్తి

నా చిన్నప్పుడు శామీర్‌పేట చుట్టూ ద్రాక్ష తోటలుండేవి. మా అవ్వ ఓ తోటలో గుత్తులు కోసే ఆడవాళ్లకు పెద్ద. నేనేమో బళ్లో సేబర్ అనే తేలిక కత్తితో ఫెన్సింగ్ నేర్చుకుంటూ, నన్ను మించినవాళ్లు లేరన్నట్టు తిరిగేదాన్ని. నిజానికి జిల్లా ఎంపికల్లో రెండేళ్లు వరసగా ఓడిపోయాను. కత్తిని పిడికిలి బిగించి పట్టేదాన్ని. నా దెబ్బ ఎటు వస్తోందో అవతలి పిల్లకు ముందే తెలిసిపోయేది. కట్టెలు కొడుతున్నావా అని సారు ఎంత తిట్టినా నా తలకెక్కలేదు. మూడోసారీ ఓడితే కత్తి బంద్ అని బాపు తేల్చేశాడు. ఆ రోజు అన్నం ముట్టకుండా ఏడ్చాను.

అవ్వ ఆదివారం నన్ను తోటకు తీసుకుపోయి కత్తెర చేతికిచ్చింది.

“పండు మీద తెల్లపొడి ఉంటది సూడు బిడ్డా. గది సెదిరితే బేరగాడు పాతపండంటడు. కాడ పట్టు, పండు ముట్టకు.”

ఓస్, ఇంతేనా అనుకున్నాను. మొదటి గంపలో ప్రతి గుత్తి మీదా నా వేళ్ల అచ్చులే! “ఇయ్యి మనం తినేటందుకే” అని అవ్వ నవ్వుతూ పక్కన పెట్టింది. రెండో గంపా అంతే. ఉడుక్కుంటూనే పొద్దువాలేదాకా కోశాను. చివరికి బొటనవేలూ చూపుడువేలూ కాడను పట్టుకోవడం, తక్కిన వేళ్లు ఊరికే తోడుండటం అలవాటైంది. అప్పుడు, నేను ఇంట్లో సాధన చేసే కర్రను అవ్వ గంప చాటు నుంచి తీసింది.

“గిది గూడ గట్లనే పట్టు.”

పెరట్లో నా పిడికిలిని ఆమె ఎన్నాళ్లుగా చూస్తోందో!

ఆ ఏడాది ఎంపికల ఆఖరి పోటీలో ఇద్దరం పద్నాలుగు పాయింట్ల దగ్గర నిలిచాం. ఇంకొక్క దెబ్బ ఎవరిదైతే వాళ్లదే గెలుపు. పిడికిలి మళ్లీ బిగుసుకుంటోంది. వేళ్లు వదులు చేశాను. ఆ పిల్ల బలంగా దెబ్బ విసిరింది. ఒక్కడుగు వెనక్కి వేసి, ఆమె ముంజేతిని సన్నగా తాకాను. దెబ్బ నాదని చెబుతూ నా వైపు దీపం వెలిగింది. బంద్ అన్న బాపే అందరికన్నా గట్టిగా అరిచాడు.

ఆ తర్వాత పదేళ్లకు పైగా రాష్ట్రం తరఫున ఆడాను. జాతీయ పోటీల్లో బంగారు పతకం తెచ్చిన రోజు అవ్వ దాన్ని రిబ్బను పట్టుకునే ఎత్తి చూసింది, మెరుపు మీద వేలు పడనివ్వలేదు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఇప్పుడు ఆట మానేసి పిల్లలకు నేర్పుతున్నాను. ఆ తోటల జాగాలో ఇళ్లు లేచాయి. కొత్తగా వచ్చినవాళ్లు కత్తిని పిడికిలితో పట్టుకుంటే నేను తిట్టను. బజారు నుంచి ఓ నల్లద్రాక్ష గుత్తి తెచ్చి, కాడ పట్టుకోమంటాను.